పాత ఇల్లు పడగొట్టే ముందు

మీ ఇంటి స్లాబు వానకు కారుతున్నది. పెచ్చులు ఊడి పడుతున్నవి. తాపీమేస్త్రీని పిలిపించారు. ఆయన ఒకసారి పైకి చూచి, "దీనికి పెట్టే డబ్బు దండగ, పడగొట్టి కొత్తది వేసుకోండి" అన్నాడు. ఎదురింటి బంధువు మాత్రం, "ఇనుము, ఇసుక ధరలు చూశావా? నాలుగు చోట్ల పూత పూయించుకొని ఊరుకో" అన్నాడు. ఈ రెండు సలహాలలోనూ ఒకే లోపమున్నది. ఇద్దరూ ఖర్చును గురించి మాట్లాడారే గాని, ఆ కాంక్రీటు లోపల ఇనుము ఏ స్థితిలో ఉన్నదో ఎవరూ చూడలేదు.

ఢిల్లీ పరిసరాలలో జరిగిన రెండు ఉదంతాలను మీ ముందుంచడానికి కారణమిదే. అవి పట్టణపు మేడలే అయినా, అక్కడి దోషం పల్లెలోని రెండు గదుల ఇంటికీ వర్తిస్తుంది.

గురుగ్రామ్ సెక్టారు 109లో చింటెల్స్ పారడైసో అనే నివాస సముదాయమున్నది. 2022 ఫిబ్రవరి 10వ తేదీన అందులోని ఒక టవరు ఆరవ అంతస్తులో మరమ్మతు పని జరుగుతూండగా ఆ గది గచ్చు కూలి, దాని క్రింది అంతస్తులు ఒకదానిపై ఒకటి పడినవి. ఇద్దరు మహిళలు మరణించారు. ఢిల్లీ ఐ.ఐ.టి. నిపుణులు పరీక్షించి, కాంక్రీటులో క్లోరైడు, అనగా ఉప్పు అంశ, ఎక్కువగా ఉన్నదనీ, అందువలన ఇనుము వేగంగా త్రుప్పు పట్టిందనీ తేల్చారు. త్రుప్పు పట్టిన కడ్డీ ఉబ్బుతుంది. ఉబ్బి, తనను కప్పి ఉన్న కాంక్రీటును లోపలి నుండి పగులగొడుతుంది. మీ స్లాబు నుండి ఊడిపడే పెచ్చులకు కూడ తరచు కారణమిదే. పైన ఎంత పూత పూసినా, కాంక్రీటులో కలిసిపోయిన ఉప్పును వెలికి తీయడం సాధ్యం కాదు. ఇటువంటి ఇంటికి మరమ్మతు పొదుపు కాదు. అది ప్రాణాపాయం.

రెండవది ఢిల్లీ ముఖర్జీ నగరులోని సిగ్నేచర్ వ్యూ అపార్టుమెంట్లు. ఢిల్లీ అభివృద్ధి సంస్థ 2010 నాటికి నిర్మించిన 336 ఇళ్ళు. పదిహేనేళ్ళు నిండక ముందే నివాసానికి పనికిరావని తేలి, వాటిని ఖాళీ చేయించి తిరిగి కట్టాలని 2024 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు తీర్పునిచ్చింది. కొత్త ఇళ్ళు అప్పగించేవరకు నివాసులకు నెలకు పెద్ద ఇళ్ళకు 50,000, మధ్యతరగతి ఇళ్ళకు 38,000 రూపాయల చొప్పున అద్దె సొమ్ము చెల్లించాలని ఆ సంస్థను ఆదేశించింది. మీ ఇల్లు పడగొట్టి కట్టే కాలంలో మీ అద్దె ఎవరు చెల్లిస్తారు? అంచనా కాగితంలో చాలామంది వ్రాయని పద్దు ఇది.

ఇక 1927లో ప్రారంభమైన పార్లమెంటు భవనాన్ని చూడండి. 2023లో కొత్త భవనం వచ్చినా పాతదానిని పడగొట్టలేదు. సంవిధాన్ సదన్ అని పేరు మార్చి నిలుపుకున్నారు. కనుక ఇంటి వయస్సును బట్టి తీర్పు చెప్పరాదు. గానుగ సున్నంతో కట్టిన మీ తాతగారి గోడలు, చెక్కు చెదరని టేకు దూలాలు ఉన్నచో, కప్పు మార్చి నేల సరిచేసుకుంటే మరొక తరం నివసించవచ్చును. వాటిని పడగొట్టి, బోరులోని ఉప్పునీటితో కొత్త స్లాబు పోయడమంటే మంచి ఎద్దును అమ్మి కుంటి ఎద్దును కొనడమే. కోస్తా మండలాల ఖాతాదారులు ఈ మాటను ప్రత్యేకంగా గమనించ ప్రార్థన. ఇనుము వాడే కాంక్రీటుకు లీటరు నీటిలో క్లోరైడు 500 మిల్లీగ్రాములకు మించరాదని భారతీయ ప్రమాణం. నీటి పరీక్షకయ్యే ఖర్చు స్లాబు ఖర్చులో లెక్కలోనికి రాదు.

ధరల సంగతి. 2025 సెప్టెంబరు 22 నుండి సిమెంటుపై జి.ఎస్.టి. 28 నుండి 18 శాతానికి తగ్గినది. పన్ను గాక 300 రూపాయలున్న బస్తాపై ఇది 30 రూపాయల తగ్గింపు. నాలుగు వందల బస్తాలు పట్టే ఇంటికి 12,000. అది మంచిదే గాని, కూలి, ఇసుక, రవాణా పెరిగినచో ఆ మేలు ఎంతోకాలం నిలువదు. వడ్డీ సంగతి అంతకన్న పెద్దది. 9 శాతం వడ్డీపై 20 ఏళ్ళకు పది లక్షలు తీసుకుంటే నెలకు సుమారు 9,000 చొప్పున మొత్తం ఇరవై ఒకటిన్నర లక్షలు కడతారు. అదే వడ్డీకి మూడు లక్షల మరమ్మతు రుణం ఏడేళ్ళలో తీర్చితే మొత్తం నాలుగు లక్షల పైచిలుకు. పని ఆగినా వడ్డీ ఆగదు. ఢిల్లీ ప్రాంతంలో శీతాకాలపు కాలుష్యం ముదిరినపుడు నిర్మాణాలు నిలిపివేస్తారు. మనకు వర్షాకాలంలో నదుల ఇసుక దొరకదు.

డీలరు మిత్రులకు ఒక మాట. బస్తాపై తయారైన వారం, సంవత్సరం ముద్రించి ఉంటుంది. మూడు నెలలు దాటిన సిమెంటును క్రొత్తదానితో కలిపి అమ్మకండి. ఇసుక ఏ రేవునుండి వచ్చినదో బిల్లుపై వ్రాయండి. పన్ను తగ్గింపు కొనుగోలుదారునికి చేరినదా లేదా అన్నది కూడ ఆ బిల్లే చెబుతుంది.

బ్యాంకులనూ తప్పు పట్టవలసి ఉన్నది. ప్లాను, పట్టా, ఆదాయపు పత్రం అడుగుతాము. స్లాబు లోపలి కడ్డీని చూచారా అని అడగము. మరమ్మతు రుణమైనా, కొత్త ఇంటి రుణమైనా, ఇంజనీరు పరిశీలన ఖర్చును రుణంలోనే చేర్చి ఇవ్వాలని నా అభిప్రాయం. అంతవరకు మీరే ఒక పని చేయండి. దరఖాస్తు వ్రాయక ముందు, అర్హత గల ఇంజనీరు సమక్షంలో ఊడిన చోట మరికొంత పెచ్చు తీయించి కడ్డీని చూడండి. పైపైన మాత్రమే ఎర్రబారి లోపల గట్టిగా ఉన్నదా, లేక పొరలు పొరలుగా రాలుతున్నదా? ఆయన వ్రాసి ఇచ్చిన కాగితాన్ని దరఖాస్తుకు జతపరచండి.