కొత్త టైరూ కరుస్తుంది!

కొత్త చెప్పులు కొనుక్కున్న రోజు గుర్తుందా? కొట్లో నాలుగడుగులు వేసి చూస్తే హాయిగానే ఉంటాయి. వీధి చివరిదాకా నడిచాకే మడమ దగ్గర అసలు కథ మొదలవుతుంది. పికప్ ట్రక్కుకు పెద్ద టైర్లు వేయించినవాళ్లదీ అచ్చంగా ఇదే అనుభవం. షాపు ముందు నిలబెట్టి చూస్తే బండి ఏనుగులా ఠీవిగా ఉంటుంది. నాలుగు ఫొటోలు కూడా తీసుకుంటారు. తీరా పెట్రోలు బంకులోకి తిప్పుదామని స్టీరింగు చివరిదాకా తిప్పితే... 'బర్ర్‌ర్‌' మని ఓ చప్పుడు. కొత్త టైరు ఎక్కడో ఒరుసుకుంటోంది!

అమెరికాలో పికప్‌ల మోజున్న ఎవరిని కదిపినా ఈ చప్పుడు గురించి చెబుతారు. అక్కడ పికప్ అంటే మన కూరగాయల ట్రాలీలాంటిది కాదు. ఫోర్డ్ ఎఫ్‌-250, రామ్ 2500, షెవర్లే సిల్వరాడో 2500 హెచ్‌డీ... వీటిని 'హెవీ డ్యూటీ' రకం అంటారు. బండి, అందులోని మనుషులు, సామాను అన్నీ కలిపి దాదాపు నాలుగున్నర టన్నులు, ఒక్కో మోడల్‌లో అంతకు మించి కూడా తూగొచ్చు. ఇక వెనక తగిలించే ట్రెయిలర్ సంగతి వేరే. గుర్రాలు, పడవలు, చక్రాల మీద ఇల్లులాంటి క్యాంపర్లు... అన్నిటినీ లాగేది ఇవే. డాలస్, హ్యూస్టన్ వైపు స్థిరపడిన మనవాళ్లలోనూ సెలవులకు క్యాంపర్ తగిలించుకుని బయల్దేరేవాళ్లు ఉన్నారు. అందుకే ఈ టైర్ల గొడవ ఒట్టి షోకు వ్యవహారం కాదు. వెనక సీట్లో పిల్లలు, వెనకాల ట్రెయిలర్ ఉన్నప్పుడు టైరు సరైనదో కాదో అన్నది ప్రాణాలకు సంబంధించిన విషయం.

ఖాళీ కాదది!

పెద్ద టైర్లు వేయించాలన్న కోరిక ఎక్కడ పుడుతుంది? చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య కనిపించే ఖాళీ దగ్గర. 'ఇంత చోటుంది కదా, ఇంకో రెండంగుళాలు పట్టదా?' అనిపిస్తుంది. ఇక్కడే అందరూ బోల్తా పడేది. గదిలో తలుపు వెనక చోటు కూడా ఖాళీగానే ఉంటుంది. అక్కడ బీరువా పెడతామా? పెట్టం. తలుపు తెరుచుకోవడానికి ఆ చోటు కావాలి. చక్రం చుట్టూ ఉన్న చోటూ అంతే. స్టీరింగు తిప్పినప్పుడు ముందు చక్రం అటూ ఇటూ తిరుగుతుంది. గతుకులో పడ్డప్పుడు పైకి లేస్తుంది. ఒక చక్రం గట్టెక్కి రెండోది గుంతలో దిగితే ఓ పక్కకు ఒరుగుతుంది. ఈ మూడూ ఒకేసారి జరిగే క్షణాలూ ఉంటాయి. చక్రం చుట్టూ వదిలిన చోటు ఆ క్షణాల కోసం. కాబట్టి బండి నిలబడి ఉన్నప్పుడు టైరు పట్టిందా లేదా అన్నది లెక్కలోకి రాదు. తిరిగినప్పుడు, కుంగినప్పుడు పట్టిందా అన్నదే అసలు ప్రశ్న.

లెక్క చిన్నదే

టైరు పక్కన రాసి ఉండే అంకెలను చదవడం వస్తే సగం పని అయిపోయినట్టే. ఉదాహరణకు ఎల్‌టీ 275/70 ఆర్ 18. ఎఫ్‌-250లాంటి బళ్లకు కంపెనీ నుంచి వచ్చే సైజుల్లో ఇదొకటి. 'ఎల్‌టీ' అంటే లైట్ ట్రక్. 275 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 70 అంటే ఆ వెడల్పులో 70 శాతం సైడ్‌వాల్ ఎత్తు. 18 అంటే రిమ్ము వ్యాసం, అంగుళాల్లో. గుణించి కూడితే టైరు మొత్తం ఎత్తు 842 మిల్లీమీటర్లు, అంటే 33 అంగుళాల పైచిలుకు.

దీని బదులు ఎల్‌టీ 285/75 ఆర్ 18 వేయిస్తే? ఎత్తు 885 మిల్లీమీటర్లు, అంటే దాదాపు 35 అంగుళాలు. తేడా 43 మిల్లీమీటర్లు. ఇందులో సగం కిందికి పోతుంది కనుక బండి సుమారు 21 మిల్లీమీటర్లు లేస్తుంది. మిగతా సగం పైనున్న చోటును, ముందూ వెనకా ఉన్న చోటును తినేస్తుంది. ఇక వెడల్పు. 35 అంగుళాల ఎత్తు, పన్నెండున్నర అంగుళాల వెడల్పు ఉండే టైర్లంటే కుర్రకారుకు మోజెక్కువ. పన్నెండున్నర అంగుళాలంటే 317 మిల్లీమీటర్లు. పాత 275తో పోలిస్తే లోపలివైపు 21, బయటివైపు 21 మిల్లీమీటర్లు పెరిగినట్టు. పైగా ఒకే సైజు రాసి ఉన్నా అన్ని కంపెనీల టైర్లూ ఒకేలా ఉండవు. కొన్నిటికి అంచుల్లో గట్లు పొడుచుకొచ్చి ఉంటాయి. పక్కింటాయన బండికి తగల్లేదు కదా అని మన బండికీ తగలదనుకుంటే పొరపాటే.

ఎక్కడెక్కడ తగులుతుంది?

ముందుగా తగిలేది బంపరు మూల, దాని కింద ఉండే ప్లాస్టిక్ పట్టీ. ఆ తర్వాత మడ్‌గార్డు లోపలి ప్లాస్టిక్ తొడుగు. స్టీరింగు పూర్తిగా తిప్పి రివర్సు చేసేటప్పుడు ఈ చప్పుడు ఎక్కువ. ఇక లోపలివైపు సంగతి బండిని బట్టి ఉంటుంది. ఫోర్‌వీల్ డ్రైవ్ ఎఫ్‌-250లో, రామ్ 2500లో ముందు చక్రాలు రెంటికీ కలిపి ఒకటే గట్టి యాక్సిల్. దాన్ని పట్టి ఉంచే పొడవాటి ఇనుప ఆర్మ్‌లకు టైరు లోపలి అంచు తగులుతుంది. సిల్వరాడోలో ముందు చక్రాలు దేనికది విడిగా కదులుతాయి. అక్కడ పేచీ పై కంట్రోల్ ఆర్మ్‌తో.

ప్లాస్టిక్‌కు తగిలితే చప్పుడు, ఓ గీత. అంతటితో సరి. ఇనుముకు తగిలితే మాత్రం వ్యవహారం ముదిరినట్టే. సైడ్‌వాల్ టైరులో పల్చటి భాగం. అది కొద్దికొద్దిగా కోసుకుపోతూ ఉంటే పైకి ఏమీ తెలియదు. ఎండాకాలం, నిండా లోడు, హైవే మీద వేగం... మూడూ కలిసిన రోజున టైరు పేలిపోవచ్చు. వెనక ట్రెయిలర్ ఉంటే ఆ తర్వాత బండిని అదుపు చేయడం ఎంత కష్టమో చెప్పక్కర్లేదు.

వైద్యం వరసగా...

ఒరుసుకుంటోంది అనగానే 'బండిని లేపేద్దాం' అంటారు చాలామంది. నిజానికి అది చివరి మందు. మొదట చూడాల్సింది రిమ్ము. రిమ్ము చక్రాన్ని ఎంత లోపలికి, ఎంత బయటికి ఉంచుతుందో చెప్పే అంకెను 'ఆఫ్‌సెట్' అంటారు. ఇది 44 ఉన్నచోట 18 ఉన్న రిమ్ము వేస్తే చక్రం 26 మిల్లీమీటర్లు బయటికి జరుగుతుంది. లోపలి ఇనుముతో బాధ తప్పుతుంది. కానీ బయటికి జరిగిన చక్రం తిరిగేటప్పుడు పెద్ద చుట్టు చుడుతుంది. అప్పుడు బంపరుకూ మడ్‌గార్డు అంచుకూ తగులుతుంది. ఒక చోట తప్పించబోతే ఇంకోచోట పట్టుకుంటుందన్నమాట. అందుకే కాస్త ఎత్తు పెరిగినా వెడల్పు పెద్దగా పెరగని టైరును ఎంచుకుంటే సగం తలనొప్పి ఉండదు.

రెండో మందు... ప్లాస్టిక్ తొడుగును వేడిచేసి వెనక్కి వంచడం, లేదంటే అవసరమైనంత మేర కత్తిరించడం. మూడోది లెవెలింగ్ కిట్. ఈ బళ్లకు లోడెక్కితే వెనక భాగం కుంగుతుంది కనుక, ఖాళీగా ఉన్నప్పుడు ముందుకన్నా వెనక ఎత్తుగా ఉండేలా తయారుచేస్తారు. ముందు స్ప్రింగుల దగ్గర దిమ్మలు పెట్టి ముందు భాగాన్ని ఓ రెండంగుళాలు లేపేదే ఈ కిట్. ఇక్కడో మెలిక ఉంది. దిమ్మ పెట్టాక నిలబడ్డ బండిలో చోటు పెరిగినట్టు కనిపిస్తుంది. కానీ పెద్ద గుంతలో పడి స్ప్రింగు పూర్తిగా కుంగినప్పుడు చక్రం ఎంతదాకా పైకి రావాలో నిర్ణయించేది బంప్‌స్టాప్ అనే రబ్బరు దిమ్మ. దాన్ని మార్చకపోతే టైరు పాత చోటికే వచ్చి తగులుతుంది!

పైగా గట్టి యాక్సిల్ ఉన్న బండిని లేపితే, ఆ యాక్సిల్ కొంచెం ఓ పక్కకు జరుగుతుంది. 'కుడివైపు బాగానే ఉంది, ఎడమవైపే తగులుతోంది' అనేవాళ్ల ఫిర్యాదుకు ఒక్కోసారి ఇదే కారణం. కాబట్టి కిట్ వేశాక యాక్సిల్‌ను మధ్యకు తేవాలి. వీల్ అలైన్‌మెంట్ చేయించాలి. హెడ్‌లైట్లు దించి సరిచేయించాలి. లేకపోతే ఎదురొచ్చేవాళ్ల కళ్లు బైర్లు కమ్ముతాయి.

ఇదంతా ఎందుకనుకునేవాళ్ల కోసం కంపెనీలే దారి చూపించాయి. ఫోర్డ్ 2020 మోడల్ సూపర్ డ్యూటీలో 'ట్రెమర్' పేరుతో 35 అంగుళాల టైర్లను ఫ్యాక్టరీ నుంచే ఇచ్చింది. ముందు భాగం ఎత్తు, సస్పెన్షన్ అన్నీ దానికి తగ్గట్టే అమర్చింది. టైరొక్కటి మారిస్తే సరిపోదనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

తగలకపోతే చాలా?

ఒరుసుకోవడం ఆగింది కదా అని నిశ్చింతగా ఉండటానికి లేదు. అసలు ప్రమాదం చప్పుడు చేయకుండా వస్తుంది. టైరు మీద సైజు పక్కనే 125 అనో, 121 అనో అంకె ఉంటుంది. ఆ టైరు ఎంత బరువు మోయగలదో చెప్పేది అదే. 125 అంటే 1,650 కిలోలు. 121 అంటే 1,450 కిలోలు. కంపెనీ ఇచ్చిన 275/70 టైరుకు సాధారణంగా 125 ఉంటుంది. పన్నెండున్నర అంగుళాల వెడల్పుతో 20 అంగుళాల రిమ్ముకు ఎక్కే 35 అంగుళాల టైర్లలో చాలావాటికి 121 మాత్రమే! అంటే టైరు పెద్దదైంది, మోసే శక్తి తగ్గింది. రెండు వెనక టైర్ల మీద కలిపి 400 కిలోలు పోయినట్టు. అదే 35 అంగుళాల్లో 285/75 ఆర్ 18 తీసుకుంటే 129, అంటే 1,850 కిలోలు. చూడటానికి రెండూ ఒక్కలాగే ఉంటాయి. ట్రెయిలర్ తగిలించినప్పుడే తేడా తెలుస్తుంది.

ఇంకో మాట. టైరు అయిదు శాతం పెరిగితే స్పీడోమీటరు 60 మైళ్లు చూపించినప్పుడు బండి 63 మైళ్ల వేగంతో పోతుంటుంది. సరిచేయించకపోతే పోలీసు చలానా ఖాయం. గేరు బలం కూడా అదే లెక్కన తగ్గుతుంది. బరువైన చక్రాన్ని ఆపడానికి బ్రేకులు ఎక్కువ కష్టపడాలి. డ్రైవరు తలుపు పక్కన స్టిక్కరులో రాసిన గాలి లెక్క పాత సైజుది. కొత్త టైరుకు ఎంత గాలి పెట్టాలో టైరు కంపెనీ పట్టికలో చూసుకోవాల్సిందే. స్టెప్నీని మర్చిపోవద్దు. ఫోర్‌వీల్ డ్రైవ్ బండికి ఒక చక్రం చిన్నది, మూడు చక్రాలు పెద్దవి అంటే కుదరదు. కాబట్టి కొనాల్సింది నాలుగు కాదు, అయిదు. ఆ అయిదోది బండి కింద దాని చోటులో పడుతుందో లేదో ముందే కొలుచుకోవాలి.

ఇంటి దగ్గరే పరీక్ష

డబ్బు పెట్టాక బాధపడేకన్నా అరగంట ఓపిక మేలు. టైర్లు బిగించగానే షాపులోనే ఒక ముందు చక్రాన్ని ర్యాంపు ఎక్కించాలి. స్టీరింగును ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పుతూ ఇంకొకరిని టార్చిలైటుతో లోపల చూడమనాలి. తర్వాత రెండో చక్రంతోనూ అలాగే చేయాలి. ఎప్పుడూ వేసే లోడు వేసి, ట్రెయిలర్ తగిలించి, ఏటవాలు దారిలో అడ్డంగా నెమ్మదిగా నడపాలి. వారం తర్వాత మరోసారి కిందికి వంగి చూడాలి. ఎక్కడైనా ప్లాస్టిక్ నిగనిగలాడుతున్నా, ఇనుము మీద రంగు పోయినా టైరు అక్కడ తాకుతోందనే అర్థం.

ఈ మోజు మన రోడ్ల మీదికీ వచ్చింది. ఇసుజు కంపెనీ 2016లో శ్రీసిటీలో ప్లాంటు మొదలుపెట్టి వీ-క్రాస్ పికప్‌లు తయారుచేసింది. టయోటా హైలక్స్ కూడా వచ్చింది. అమెరికా బళ్లంత పెద్దవి కాకపోయినా లెక్కలు మాత్రం అవే. మన దగ్గర చట్టం కూడా గుర్తుంచుకోవాలి. తయారీ కంపెనీ ఇచ్చిన మూల వివరాలకు విరుద్ధంగా బండిని మార్చడానికి వీల్లేదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. కంపెనీ ఆ మోడల్‌కు అనుమతించిన సైజుల్లోనే ఎంచుకోవడం అన్నివిధాలా క్షేమం.

చెప్పు కరిస్తే మడమకు పుండు పడుతుంది, నాలుగు రోజుల్లో మానుతుంది. టైరు కరిస్తే మానదు. కాలి కొలత చూసుకోకుండా చెప్పులు కొనం కదా... టైర్లు కొనేముందు బండి తిరిగినప్పుడు, కుంగినప్పుడు కొలత చూసుకోండి!