సత్యానికి వెల ఎవరు చెల్లించాలి?

కథ పూర్తి కాగానే "ఇందులోని నీతి ఏమిటి?" అని అడగడం మన బడులలో పరిపాటి. పిల్లవాడు ఒక వాక్యం అప్పజెబుతాడు, గంట కొడతారు, నీతి ముగుస్తుంది. మూడు దశాబ్దాలకు పైగా తెలుగు పాఠాలు చెప్పిన వాడిగా నా అభిప్రాయం ఒకటే: నీతి అక్కడ ముగియరాదు, అక్కడ మొదలు కావాలి. నీతిని వల్లించడం వేరు, నీతిని విచారించడం వేరు.

'నీతి' అన్న మాటకు మూలం 'నీ' ధాతువు, నడిపించుట అని అర్థం. నేత, నాయకుడు, నయము అన్నీ ఆ కుదుటివే. చిన్నయసూరి 1853లో వెలువరించిన నీతిచంద్రికలోని నీతి చాలావరకు లోకజ్ఞత: ఎవరితో చెలిమి చేయాలి, పగవాని నుండి ఎట్లా తప్పించుకోవాలి అన్నదే. మంచి ఏది, చెడు ఏది, ఎందువలన అని తర్కించే శాస్త్రం మరొకటి. దానికి మన పెద్దలు ధర్మవిచారమని పేరు పెట్టారు. తెలుగులో విచారమంటే దుఃఖమని కూడా అర్థం ఉండడం యాదృచ్ఛికమే కావచ్చు గాని, ఈ శాస్త్రానికి తగినట్లే ఉన్నది.

ఒక్క ప్రశ్న తీసుకుందాం. అబద్ధమాడడం ఎన్నడైనా ఒప్పవుతుందా?

భారతం కర్ణపర్వంలో కౌశికుడనే తాపసి ఉన్నాడు. సత్యమే పలుకుతానని వ్రతం పట్టినవాడు. దొంగలకు వెరచి కొందరు అడవిలో దాగారు. వెంటాడి వచ్చిన దొంగలు అడిగితే, వారు పోయిన దారి ఈయన ఉన్నదున్నట్లు చెప్పాడు. దొంగలు వారిని చంపారు. తాపసికి దక్కింది నరకం. ఈ కథ అర్జునుడికి చెబుతూ కృష్ణుడు, మౌనంతో గడిస్తే మౌనం వహించాలి, మాట్లాడక తప్పకుంటే అక్కడ అసత్యమే మేలు అంటాడు.

జర్మనీ తాత్త్వికుడు కాంట్ 1797లో సరిగ్గా ఈ చిక్కునే చర్చించి, హంతకుడు తలుపు తట్టి నీ మిత్రుడు లోపల ఉన్నాడా అని అడిగినా అబద్ధమాడే హక్కు నీకు లేదని తీర్మానించాడు. ఆయనకు ఫలితంతో పని లేదు, కర్తవ్యమే ప్రమాణం. బెంథామ్, మిల్ వంటి వారు ఫలితాన్ని చూడమన్నారు. అరిస్టాటిల్ దృష్టి మనిషి శీలం మీద నిలిచింది. ఈ మూడు చూపులూ మన పురాణాలలో ఎదురెదురుగా నిలబడి వాదించుకుంటూనే ఉన్నాయి.

ప్రాణానికీ మానానికీ ముప్పు వచ్చినప్పుడు బొంకవచ్చునని శుక్రుడు బలికి చెప్పాడు. బలి వినలేదు. రాజ్యం పోయింది, తానే తలవంచి మూడో అడుగు మోశాడు. కౌశికుడూ సత్యమే పలికాడు గాని వెల చెల్లించినవారు అడవిలో దాగినవారు. నా దృష్టిలో ఇద్దరికీ గల భేదం ఇదే.

మరి హరిశ్చంద్రుడు? కాటిసీను పద్యాలకు రాత్రంతా మేలుకొన్న జాతి మనది. నేనూ మేలుకొన్నాను. అయినా ఒక మాట అడగక తప్పదు. మార్కండేయ పురాణంలో రాణి తానే తన్ను అమ్మమంటుంది. ఆ పసివాడిని ఎవరు అడిగారు? ఈ ప్రశ్న వేస్తే హరిశ్చంద్రుడు చిన్నబోడు. మనకు అర్థమవుతాడు.

అబద్ధానికీ ఇదే కొలత పెట్టి చూడండి. ధర్మరాజు ద్రోణునితో ఆడిన మాట యుద్ధాన్ని గెలిపించింది. ఫలితం చాలుననుకుంటే అక్కడ దోషం లేదు. అయినా నేలకు నాలుగంగుళాల ఎత్తున నడిచే ఆయన రథం ఆనాడు నేలకు దిగింది. ద్రోణుడు ఆ ఒక్కని మాటనే ఎందుకు నమ్మాడు? ఇతడు బొంకడు గనుక. ఆ నమ్మకమే ఆయుధమైంది. దారి అడిగిన దొంగలకు కౌశికుని మీద అట్టి హక్కు ఏదీ లేదు.

ఇదంతా పురాణ కాలక్షేపం అనుకోవద్దు. మన ఇళ్ళలో పెద్దవారికి ప్రాణాంతకమైన జబ్బు బయటపడితే, మొదట డాక్టరు చెవిలో చెప్పే మాట "ఆయనకు తెలియనివ్వకండి" అని. ప్రేమతోనే అంటాం, కాదనను. కొందరు తమకు చెప్పవద్దనే కోరుకుంటారు, అది వారి ఇష్టం. కాని అడగకుండానే దాచే అబద్ధానికి వెల ఎవరు చెల్లిస్తున్నారు? ఆ పెద్దాయనే. చెప్పవలసిన మాటలు, తీర్చవలసిన బాకీలు, చూడవలసిన మనుషులు మిగిలిపోగా, చుట్టూ అందరూ నటిస్తూ ఉంటే ఒంటరిగా వెళ్ళిపోతాడు. అతడు నమ్మినది మనలనే. అందుచేత ఈ అబద్ధం నాకు కృష్ణుడు మెచ్చిన అసత్యంలా గాక, రథాన్ని నేలకు దించిన మాటలా కనిపిస్తుంది.

అరవయ్యో పడిలో ఉన్నాను. నా విషయంలో ఉన్నదున్నట్లు చెప్పమని ఇంట్లోవారికి ముందే చెప్పి ఉంచాను. వారు ఒప్పుకున్నారు గాని, మా ఆవిడ మాత్రం ఇంకా విచారిస్తూనే ఉన్నది, రెండర్థాలలోనూ.

మిత్రులు విభేదిస్తే కారణాలతో విభేదించండి. నీతిశాస్త్రానికి అదే ఓనమాలు.

స్వస్తి.