తలుపు తీయనివాళ్ల లెక్క

సూరత్ మరమగ్గాల షెడ్లలో షిఫ్టు అంటే పన్నెండు గంటలు. సర్వేవాళ్లు పట్టపగలు గల్లీలోకి వచ్చేసరికి పగటి షిఫ్టువాడు మగ్గం దగ్గర, రాత్రి షిఫ్టువాడు గాఢనిద్రలో. తెలంగాణ నుంచి వెళ్లి స్థిరపడ్డ పద్మశాలీల ఇళ్లలోనైతే ఆడవాళ్లో, పెద్దవాళ్లో పలుకుతారు. గంజాం నుంచి వచ్చి, మెస్ గదుల్లో షిఫ్టులవారీగా పడుకునే ఒడియా కుర్రాళ్ల తరఫున పలికేదెవరు?

ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21)లో ఆడవాళ్లు 97 శాతం జవాబిచ్చారు, మగవాళ్లు 92 శాతం. మంచి అంకెలే. చిక్కల్లా దొరకని ఆ కొద్దిమంది ఎలాంటివాళ్లన్నదే. ఉపాధి సర్వేలో దొరకనివాళ్లంతా పనికెళ్లినవాళ్లే అయితే నిరుద్యోగం ఉన్నదానికన్నా ఎక్కువగా తేలుతుంది. శాంపిల్‌ను పదింతలు చేసినా ఆ తప్పు పోదు.

దీనికి మామూలు మందు వెయిటేజీ. జనాభాలో ఉన్న వాటాకన్నా జవాబుల్లో యువకులు తగ్గితే, దొరికిన ప్రతి యువకుణ్నీ ఒకటికన్నా ఎక్కువగా లెక్కేస్తారు. కానీ ఇంటిపట్టునున్న పాతికేళ్లవాడు, మగ్గం నడిపే పాతికేళ్లవాడు ఒకటేనా? అదీగాక, సరిచూసుకోవడానికి ఉన్నది 2011 జనగణన. తరువాతి దానికి ప్రామాణిక తేదీ 2027 మార్చి 1. సూరత్ లాంటి వలసల ఊరికి ఇది మరీ పెద్ద ఎడం.

ఇంతకన్నా తెలివైన ఉపాయం 1949లో ఆల్‌ఫ్రెడ్ పోలిట్జ్, విలార్డ్ సిమన్స్ చెప్పారు. దొరికిన మనిషినే అడగాలి: గడిచిన ఐదు రోజుల్లో ఈ వేళకు ఎన్ని రోజులు ఇంట్లో ఉన్నారు? ఐదు రోజులూ ఉన్నవాడి జవాబు విలువ ఒకటి. రెండు రోజులే ఉన్నవాడు, ఇవాళతో కలిపి, ఆరింట మూడుసార్లు దొరికే మనిషి. అతని విలువ రెండు. ఒక్కరోజూ లేనివాడిది ఆరు. ఎంత చవకైన ప్రశ్న!

అయితే మధ్యాహ్నం ఎన్నడూ ఇంట్లో ఉండని పగటి షిఫ్టువాడికి ఇదీ అందదు. సున్నాను ఎంతతో హెచ్చవేసినా సున్నాయే. వేళలు మార్చి తట్టాలి, షిఫ్టు ఏదో అడిగి రాసుకోవాలి.

అప్పటికీ చిక్కనివాళ్లకు 1946 నాటి హాన్సెన్, హర్విట్జ్‌ల పద్ధతి ఉంది: జవాబివ్వనివాళ్లలోంచే చిన్న శాంపిల్ తీసి, ఆ కొందరి కోసం పట్టుబట్టి తిరగడం. సూరత్‌లో ఆ తిరుగుడు సెలవు రోజున, ఒడియానో తెలుగో వచ్చిన మనిషితో జరగాలి. బడ్జెట్‌లో ముందు కోత పడేది మాత్రం ఆ ఖర్చుకే.