తాలుకాయ లెక్క

వైకల్యం సిగ్గు కాదు, గర్వమే అంటన్నారు. 1990 జులైలో వికలాంగుల చట్టం వచ్చిందని అమెరికాలో ఆ నెలంతా జరుపుకుంటారు. మంచిదే. కానీ నాది కండరాల క్షీణత. నిరుడు మిరప కల్లంలో కూర్చుని తాలుకాయలు ఏరాను, ఈ ఏడు వేళ్లకి ఆ బలం లేదు. రోజూ మారే ఒంటి మీద గర్వం ఎట్టా నిలబడుద్ది?

2016 చట్టం నా జబ్బుని 21 వైకల్యాల్లో చేర్చింది. మన రాష్ట్రంలో 2024 నుంచి వికలాంగ పింఛను 6 వేలు, జబ్బు బాగా ముదిరితే 15 వేలు. ఒళ్లు పోయేకొద్దీ డబ్బు పెరుగుద్దన్నమాట! 2025లో మళ్లీ పరీక్షలన్నారు. డాక్టరు ముందు చెయ్యి లేవకపోతే బాగుండు అనుకున్నా. ఇంటికొచ్చాక, లేస్తే బాగుండు అనుకున్నా. లేపి కూర్చోబెట్టమని అమ్మని ఇప్పుడు సిగ్గుపడకుండా అడుగుతున్నా. నాకున్న గర్వం ప్రస్తుతానికి అదే.