సంపాదకీయము: సంతకమునకు ముందు

ఉగాది పండుగ సంచికలో పన్నుల ప్రసంగమేల యని కొందరికి తోపవచ్చును. కాని గడచిన నెలలో మన సంఘపు సభ్యకుటుంబమొకదానికి సంభవించిన ఆపద నలుగురి నోటను బడి, చిన్న వ్యాపారములు నడుపుకొను ప్రతి యింటను నిద్ర లేకుండ జేసినది గనుక, దానిని విడిచి వేఱొకటి వ్రాయుటకు మాకు మనసొప్పలేదు.

భోజనశాల నడుపుచున్న ఆ దంపతులు, పనివారి జీతములనుండి ఆదాయపు పన్నును, సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ మొత్తములను క్రమము తప్పక మినహాయించి, ప్రభుత్వమునకు జమకట్టుమని తమ అకౌంటెంటుకు అప్పగించుచు వచ్చిరి. ఆయన జమకట్టలేదు. అమెరికా పన్నుల శాఖయైన ఐ.ఆర్.ఎస్. వారి నోటీసులు ఒక్కటియు వీరికి చేరలేదు. ఏలయన, కంపెనీ చిరునామాగా ఆయన తన కార్యాలయపు చిరునామానే నమోదు చేయించియుండెను. మనవాడే గదా, మన జిల్లావాడే గదా యని వీరు ఏనాడును అడిగినవారు కారు.

జీతములనుండి పట్టుకొన్న పన్ను యజమాని సొమ్ము కాదు, ప్రభుత్వము తరఫున అతని చేత నుంచబడిన ధనము. కావున అది చేరనప్పుడు ఎల్.ఎల్.సి. యనియు, కార్పొరేషననియు చెప్పుకొన్నను రక్షణ లేదు. చెక్కులపై సంతకముచేయు అధికారము కలిగి, బాకీ సంగతి తెలిసియు ఇతరుల బిల్లులు తీర్చినవారినుండి ఆ మొత్తము నంతయు వ్యక్తిగతముగా రాబట్టుటకు చట్టము వీలిచ్చుచున్నది. మన యిండ్లలో భర్త ఉద్యోగము చేసికొనుచు కంపెనీని భార్య పేర పెట్టుట సర్వసాధారణము. అమ్మా, భోజనపు బల్లమీద పెట్టి "ఇక్కడొక సంతకము పెట్టు" మన్న కాగితమును, పిల్లల బడికి వేళయగుచున్నదన్న తొందరలో, చదువక సంతకము చేయకుడు. చదివింపక చేయించు భర్తలను మందలింపకుండుట మావల్ల కాదు. ఇల్లు భార్య పేరను గూడ నున్నది, పిల్లల కళాశాల చదువునకు దాచినది ఆమె ఖాతాలలోనే యున్నది.

ఇక అకౌంటెంటును ఎన్నుకొను మాట. సొమ్ము పుచ్చుకొని రిటర్ను తయారుచేయు ప్రతివారును దానిపై సంతకముచేసి రిటర్నులు తయారుచేయువారి గుర్తింపు సంఖ్యయైన తమ పి.టి.ఐ.ఎన్. ను వేయవలెను, తాను చేయక మీచేతనే చేయించువానిని, రిఫండులో ఇంత శాతమని రుసుమడుగువానిని దూరముంచుడు. సి.పి.ఎ., ఎన్‌రోల్డ్ ఏజెంటు, న్యాయవాది, వీరికి ఐ.ఆర్.ఎస్. యెదుట మీ తరఫున నిలుచు పూర్ణాధికారము కలదు. మీది ఎస్-కార్పొరేషనైనచో, గుంటూరులోనున్న నాన్నగారికి కొన్ని వాటాలిత్తునని మీ అకౌంటెంటుతో చెప్పి చూడుడు. అమెరికాలో పన్నుల దృష్ట్యా రెసిడెంటు కాని విదేశీయుడు వాటాదారుడైనచో ఆ హోదాయే పోవునని ఆయన వెంటనే వారింపవలెను. ఇండియా ఖాతాలన్నియు గలిపి ఏనాడైనను 10,000 డాలర్లు మించెనా యని మీరు చెప్పకమునుపే అడుగవలెను. అడుగనివారు ఎంత ఆప్తులైనను మన కుటుంబముల లెక్కలకు తగినవారు కారు.

ఎవరిని పెట్టుకొన్నను జమల సంగతి మీరే చూచుకొనవలెను. పేరోల్ పరులకప్పగించిన యజమాని, తాను విడిగా పిన్ను తెప్పించుకొని, ప్రభుత్వపు పన్ను చెల్లింపు వ్యవస్థయైన ఇ.ఎఫ్.టి.పి.ఎస్. లో ఏ తేదీన ఎంత జమయైనదో స్వయముగా చూచుకొనవచ్చును.

   

ఈ యేటి తొలి మూడు నెలల జీతపు పన్నుల లెక్క తెలుపు 941 ఫారము ఏప్రిల్ 30 లోపల వెళ్లవలసియున్నది. అది వెళ్లకమునుపే భార్యాభర్తలిరువురును కలిసి కూర్చుండి, ఐ.ఆర్.ఎస్. వద్ద మీ కంపెనీకి ఎవరి చిరునామా యున్నదో కనుగొనుడని చేతులు జోడించి వేడుకొనుచున్నాము.