బ్యాచి ఒకటో తరగతి నుంచి లెక్కెయ్యాల

సంక్రాంతి వచ్చినా, వేసవి సెలవులొచ్చినా జిల్లా పేపర్ల నిండా ఒకటే రకం ఫొటో. ఫలానా హైస్కూలు, ఫలానా సంవత్సరం పదో తరగతి బ్యాచి, పాతికేళ్ల తర్వాత కలిశారు. అందరికీ ఒకే రంగు చొక్కాలు. ముందు వరసలో రిటైరైన మేస్టార్లు, వాళ్ల భుజాల మీద శాలువాలు, వెనకాల ఫ్లెక్సీ. పూర్వ విద్యార్థుల ఆత్మీయ సమ్మేళనం! సబ్బవరం చుట్టుపక్కల ఫంక్షన్ హాళ్లలో సెలవురోజున పెళ్లి లేకపోతే ఇదే. కలుసుకోవడం మంచిదే. మమ్మల్నీ పిలిచారు, వెళ్లాం, భోజనం చేశాం, మా మేస్టార్లకి శాలువాలు కప్పాం. దాని మీద మాకు ఏడుపేం లేదు.

మాకున్న ప్రశ్న ఒక్కటే. బ్యాచి అంటే ఎవరు?

పదో తరగతి పరీక్ష రాసినవాళ్లే బ్యాచి అని ఎవరు తేల్చారు? 1986లో మా పేట నుంచి ఒకటో తరగతిలో చేరినవాళ్లం తొమ్మిదిమందిమి. పదో తరగతి హాల్ టిక్కెట్టు చేతికందుకున్నది ఇద్దరం. మిగతా ఏడుగురూ ఏ బ్యాచి? వాళ్లు మాతో కలిసి అరుగు మీద ఎక్కాలు అరవలేదా? దూరంగా కూర్చోమన్నప్పుడు మా పక్కన కూర్చున్నది వాళ్లు కాదా? వూళ్లో పెద్ద వీధుల పిల్లలు చాలామంది పది దాకా వచ్చారు. అందుకని వాళ్లకి చిన్ననాటి స్నేహమూ, పదో తరగతి బ్యాచీ ఇంచుమించు ఒకటే. మనకి అలా కాదు. మన చిన్ననాటి నేస్తాలు మూడులో ఒకరు, అయిదులో ఒకరు, ఏడులో ఇద్దరు రాలిపోయారు. గ్రూపు ఫొటోలో లేరు కాబట్టి వాట్సాప్ గ్రూపులో లేరు. వాట్సాప్ గ్రూపులో లేరు కాబట్టి సమ్మేళనంలోనూ లేరు. ఆడపిల్లల సంగతి అయితే చెప్పనే అక్కర్లేదు.

ఈ మాట ఇప్పుడు ఎందుకు రాస్తున్నామంటే, ఆ ఏడుగురిలో ఒకడు మాకు కనిపించాడు.

వేసవి సెలవుల్లో సోమవారం సోమవారం అనకాపల్లి కలెక్టరేటు దగ్గర మేము అర్జీలు రాసిపెడుతుంటాం. అందరూ గ్రీవెన్సు అంటారే, అక్కడికి వచ్చేవాళ్లలో సగం మందికి గోడు వుంటుంది, కాగితం వుండదు. ఆ రోజు వరసలో ఒకాయన వచ్చి కూర్చున్నాడు. నెరిసిన గడ్డం, పక్కన ఇంటర్ పాసైన కూతురు. తలెత్తకుండానే అడిగాం. పేరు? చెప్పాడు. తండ్రి పేరు? చెప్పాడు. వూరు? మా వూరి పేరే చెప్పాడు. పెన్ను ఆగిపోయింది. ఆ ఇంటిపేరుతో, ఆ పేరుతో మా పేటలో పుట్టినవాడు ఒక్కడే.

"ఓర్నాయనో, నువ్వట్రా!" అన్నాడు. అంతలోనే చుట్టూ నిలబడ్డ జనాన్నీ, మా చేతిలో వున్న కాగితాలనీ చూశాడు. "మేస్టారైపోనారన్నమాట" అన్నాడు మెల్లగా. ఒక్క నిమిషంలో నువ్వు నుంచి మీరు దాకా వెళ్లిపోయాడు. ఆ దూరం మేము పెట్టింది కాదు, వాడు పెట్టింది కాదు.

1990 చివర్లో, అయిదో తరగతిలో వుండగా బడి ఒగ్గేశాడు. చెరుకు గానుగాడే రోజులవి. అనకాపల్లి బెల్లం పేరు దేశమంతా తెలుసు. ఆ బెల్లం పెనం కింద పొయ్యిలోకి ఎండు పిప్పి ఎగదోసింది ఎవరో ఎంతమందికి తెలుసు? తండ్రి అప్పు చేశాడు, ఆ అప్పులో పిల్లడిని కంబారికి పెట్టాడు. ఒక్క సీజనే అన్నారు. సీజను అయిపోయింది, అప్పు అవ్వలేదు. తర్వాత మేస్త్రీ వెంట చెన్నై పోయాడు, అక్కడ బిల్డింగు పనులు. ముప్ఫయ్యేళ్లు. తల్లి పోయినప్పుడు ఒకసారి వచ్చాడట, అప్పుడు మేము ట్రైనింగులో వున్నాం.

మన ఉత్తరాంధ్ర కూలికి వలస కొత్త కాదు. తాతల కాలంలో 'రంగం' పోయారు, అంటే రంగూన్. 1942లో జపాను వాళ్ల బాంబులకి అక్కడి నుంచి నడిచి వచ్చినవాళ్ల కథలు మా పేట ముసలాళ్లు చెప్పేవారు. విశాఖలో బర్మా క్యాంపు అన్న పేరు ఇవాళ్టికీ వుంది. రంగం పోయి చెన్నై వచ్చింది, హైదరాబాదు వచ్చింది. 2014 జూన్ 28న చెన్నై పక్క మౌలివాక్కంలో కడుతున్న 11 అంతస్తుల భవనం కూలి 61 మంది చచ్చిపోయారు. అందులో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కూలీలు వున్నారు. ఆ వారం పేటలో ఎవరింట్లో ఫోను మోగినా అందరూ బయటికొచ్చేవారు. మా వాడు అప్పుడు అదే చెన్నైలో వున్నాడని ఇప్పుడు తెలిసింది. ఆ రోజు మరోచోట స్లాబు పని.

కరోనా ఏడు, 2020లో, పెళ్లాం బిడ్డలతో తిరిగొచ్చాడు. ఇప్పుడు అర్జీ దేనికంటే, కూతురికి కులం సర్టిఫికెట్టు. పిల్ల పుట్టింది చెన్నైలో, చిన్న తరగతులు చదివింది చెన్నైలో. ఇక్కడ అడిగితే అక్కడి ఆధారం తెమ్మన్నారు. అక్కడ అడిగితే మీ నాయనది ఆంధ్రా కదా, పొమ్మన్నారు. అసలు రూలేమిటి? షెడ్యూల్డు కులాల ఉత్తర్వు వచ్చింది 1950 ఆగస్టు 10న. ఆ రోజుకి కుటుంబం ఏ రాష్ట్రంలో స్థిరంగా వుందో ఆ రాష్ట్రమే మూలం. తాత పుట్టింది, చచ్చింది మా పేటలో. అందరికీ తెలుసు. కానీ 'అందరికీ తెలుసు' అన్నది కాగితం కాదు. తాత చదువుకోలేదు, సెంటు భూమి లేదు, పట్టా లేదు. తండ్రికి పదో తరగతి సర్టిఫికెట్టు లేదు. ఆ పిల్లకి సీటు కావాలంటే ఈ ముగ్గురిలో ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు ప్రభుత్వం కాగితంలోకి ఎక్కి వుండాలి.

ఎక్కాడు. తండ్రి ఎక్కాడు. ఒకటో తరగతిలో చేరాడు కదా!

రెండోరోజు మా పాత ఎలిమెంటరీ స్కూలుకి పోయాం. బీరువా అడుగున, చెదలు ఒక మూల తినేసిన అడ్మిషన్ రిజిస్టరు దొరికింది. 1986. అడ్మిషన్ నెంబరు, పేరు, తండ్రి పేరు, కులం, పుట్టిన తేదీ, చేరిన తేదీ. (పుట్టిన తేదీలు చూసి నవ్వొచ్చింది. ఆ పేజీలో మన పిల్లలందరూ జూన్, జూలైల్లోనే పుట్టారు. రాసిన మేస్టారి దయ.) చివరి గడిలో ఎర్రసిరా: 'దీర్ఘకాలం గైర్హాజరు, పేరు తొలగించడమైనది.' పేరు మీద అడ్డంగా గీత. గీత కింద పేరు చక్కగా కనిపిస్తానే వుంది. హెడ్మాస్టరు గారు మంచాయన, ఎక్స్‌ట్రాక్టు రాసి ముద్ర వేసిచ్చారు. ఆ కాగితంతో సచివాలయం నుంచి విఆర్వో, ఆర్‌ఐ, తహసీల్దారు దాకా ఫైలు కదిలింది. పిల్లకి సర్టిఫికెట్టు కౌన్సెలింగుకి ముందే వచ్చింది. సంతకం పెట్టాల్సిన చోట మా వాడు పూర్తి పేరు రాశాడు. మర్చిపోలేదు. అక్షరాలు మాత్రం అయిదో తరగతి కుర్రాడివే, అలాగే ఆగిపోయాయి.

ఇందులో మనం పట్టుకోవలసిన విషయం వుంది. బడి మనవాడిని కొట్టేసింది, కానీ కొట్టేసినట్టు రాసిపెట్టుకుంది. ఆ రాతే నలభై ఏళ్లకి అక్కరకొచ్చింది. సతారాలో 1900 నవంబర్ 7న ఒక పిల్లవాడిని ఇంగ్లీషు ఒకటో తరగతిలో చేర్చుకున్నారు. ఆ బడి పేరు తర్వాత ప్రతాప్‌సింగ్ హైస్కూలు. రిజిస్టరులో 1914వ నెంబరు ఎదురుగా 'భివా రాంజీ అంబేడ్కర్' అని వుంది. తరగతిలో వేరుగా గోనెపట్టా మీద కూర్చోబెట్టిన రోజులవి. ఆ రిజిస్టరును ఇవాళ భద్రంగా దాచుకున్నారు. మహారాష్ట్రలో 2017 నుంచి నవంబర్ 7ను విద్యార్థి దినంగా జరుపుతున్నారు. పరీక్ష పాసైన రోజుని కాదు, డిగ్రీ వచ్చిన రోజుని కాదు, బళ్లో చేరిన రోజుని! ఇది గమనించండి. చేరడమే మన జాతికి పెద్ద సంఘటన. బాబాసాహెబుకి అది లెక్కలోకి వచ్చింది. ఆయన పేరు చెప్పుకుని బతుకుతున్న మనకి, మన పేటలో చేరి రాలిపోయినవాళ్ల చేరిక లెక్కలోకి రావడం లేదు.

ఒక్కొక్క పిల్లడు రాలిపోవడం ఒక ఎత్తు. వూళ్లకి వూళ్లే చెదిరిపోవడం ఇంకొక ఎత్తు. అదీ మనకి దూరంగా జరగలేదు. విశాఖ ఉక్కు కోసం 1966లో జరిగిన పోరాటంలో 32 మంది ప్రాణాలిచ్చారు. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు ఫ్యాక్టరీని జాతికి అంకితమిచ్చారు. ఆ మధ్యలో 64 గ్రామాలు లేచిపోయాయి, 16 వేలకు పైగా కుటుంబాలు నిర్వాసితులయ్యాయి. ఆర్ కార్డు చేతపట్టుకుని ఉద్యోగం కోసం తిరిగి తిరిగి ముసలైపోయినవాళ్లు ఇప్పటికీ అగనంపూడిలో, పెదగంట్యాడలో వున్నారు. 2021 జనవరి 27న ప్రైవేటుకి అమ్మేస్తామని కేంద్రం నిర్ణయం చేస్తే మళ్లీ రోడ్డెక్కింది వాళ్లే. భూమి వున్నవాడికి పరిహారం అంటూ ఎంతో కొంత లెక్క కట్టారు. భూమి లేని కూలికి ఏం పోయింది? పని పోయింది, పొరుగు పోయింది, సావాసం పోయింది. 1894 నాటి భూసేకరణ చట్టంలో సావాసగాళ్లకి రేటు లేదు. ఆ భూమి మీద పనిచేసి బతికే కూలీ కూడా నష్టపోయినవాడే అని చట్టం ఒప్పుకోవడానికి 2013 దాకా పట్టింది. ఒకే వూరి పేట మూడు కాలనీలకి చెదిరిపోతే, చిన్ననాటి నేస్తాలు మళ్లీ కలిసింది ఎక్కడ? ఏదో చావు దగ్గరో, పెళ్లి దగ్గరో, కూలి అడ్డా మీదో. వాళ్లకి ఫ్లెక్సీ కట్టినవాడు లేడు.

ఇప్పుడు అందరూ చదువుతున్నారు కదా, ఇదంతా పాత కథ అనేవాళ్లున్నారు. వాళ్లకి మా బడికొచ్చి కంప్యూటరు చూడమని చెప్తాం. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో వుంది. నిజమే, ఎర్రసిరా పోయింది. దాని చోట 'డ్రాప్ బాక్స్' వచ్చింది. పిల్ల టీసీ తీసుకోకుండా తల్లిదండ్రుల వెంట వలసపోతే యూడైస్ వెబ్‌సైటులో ఆ పేరుని డ్రాప్ బాక్సులోకి తోస్తాం. మరో బడి వాళ్లు అందులోంచి తీసుకుంటే పిల్ల చదువుతున్నట్టు. తీసుకోకపోతే అందులోనే వుంటుంది. మేస్టర్లకి తెలుసు, ఆ పెట్టెలో వుండే పేర్లు ఏ పేటవో, ఏ ఇటుక బట్టీలకి పోయినవో.

ఇక మన సంఘాల సంగతి. కోపం తెచ్చుకోకుండా చదవండి. అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి, ఎవరిని చూసినా పది పాసై ఆ పైకి పోయినవాళ్లే. మీటింగు పెడితే కుర్చీలు వేసేది అయిదులో ఆగిపోయినవాడు, మైకు పట్టుకునేది మేము. సబ్బవరంలో 2008లో వచ్చిన లా యూనివర్సిటీకి దామోదరం సంజీవయ్య పేరు పెట్టారు. ఈ దేశంలో మొదటి దళిత ముఖ్యమంత్రి ఆయన. గర్వంగానే వుంటుంది. ఆ గేటు ముందు నుంచి పోయేటప్పుడల్లా మనలో ఎంతమంది లోపలికి పోయారని అడుగుతాం. అడగాల్సిందే. కానీ పక్కనే ఇంకో ప్రశ్న వుంది: మనతో బయలుదేరినవాళ్లు ఎక్కడ దిగిపోయారు? ఈ రెండోది అడగకపోతే మన సంఘం కూడా ఒక పదో తరగతి బ్యాచే.

మా వాడు ఇప్పుడు నలుగురిలో వుంటే మేస్టారూ అంటాడు, ఇద్దరమే వుంటే ఒరే అంటాడు. ఆ ఒరే కోసమే మేము అప్పుడప్పుడు వాడింటికి పోతుంటాం. వాడి వల్ల ఇంకో ముగ్గురి ఆచూకీ తెలిసింది. ఒకామె దువ్వాడ దగ్గర ఇళ్లలో పని చేస్తోంది. ఒకడు లారీ మీద వున్నాడు. ఒకడు లేడు. వున్నవాళ్లకి అడిగితే తలా ఒక కాగితం ఇబ్బంది. ఒకరికి ఆధార్లో వయసు తప్పు, ఒకరికి పీఎఫ్‌లో పేరు తప్పు. ఈ ముడులు చాలావరకు ఆ పాత రిజిస్టరు దగ్గరే విడతాయి.

కాబట్టి అన్నలారా, అక్కలారా, ఈసారి మీ వూళ్లో సమ్మేళనం అంటే చందా ఇచ్చే ముందు ఒక మాట చెప్పండి: లిస్టు పదో తరగతిది కాదు, ఒకటో తరగతిది తియ్యాల. ఒప్పుకోకపోతే మనమే పేటలో కూర్చుని తీద్దాం. మాలపేట గానీ, మాదిగపేట గానీ, రెల్లి వీధి గానీ. ఎలిమెంటరీ స్కూలుకి పోయి హెడ్మాస్టరుని మర్యాదగా అడగండి. ఎవరి ఎక్స్‌ట్రాక్టు కావాలో వాళ్ల చేతే దరఖాస్తు పెట్టించండి. కుదరదంటే సమాచార హక్కు చట్టం వుంది, 30 రోజుల్లో జవాబు చెప్పి తీరాలి. బడి మూతపడి పక్కూరి బడిలో కలిపేసి వుంటే ముందు మండల విద్యాశాఖాధికారి ఆఫీసులో వాకబు చెయ్యండి. చెదలు పట్టకముందే పేజీలు ఫోనులో ఫొటో తీసుకోవడానికి అనుమతి అడగండి.

పోయేటప్పుడు పేటలో అందరినీ ఎరిగిన ముసలమ్మనొకర్ని తప్పకుండా వెంట తీసుకెళ్లండి. పేట పిలిచిన పేరు వేరు, మేస్టారు రాసిన పేరు వేరు. మనం 'గున్నడు' అని పిలిచినవాడు రిజిస్టరులో సన్యాసిరావు అయివుంటాడు. ఆ సంగతి ఆవిడకి తప్ప ఎవరికీ తెలీదు.