మచ్చ మాసింది, మూత్రపిండాల మాటేమిటి?

రామచంద్రపురం, నరసాపురంలలో మిషనరీలు నెలకొల్పిన కుష్ఠు ఆసుపత్రులు ఒకనాడు డెల్టా రోగులకు దిక్కుగా ఉండేవి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1981లో సిఫారసు చేసిన బహుళ ఔషధ చికిత్సతో రోజులు మారాయి. వ్యాధి తీవ్రతను బట్టి ఆరు నెలలో, ఏడాదో మందు మింగితే రోగం నయమవుతోంది. ఆ మందు ఉచితం. పదివేల మందికి ఒక్క రోగి కంటె తక్కువన్న లక్ష్యాన్ని దేశం 2005 డిసెంబరులో చేరింది.

ఐతే ఈ లెక్కల్లోకి రాని బాధ ఒకటున్నది. అదే మూత్రపిండాల జబ్బు.

రోగం నయమైనా, ఏనాడో పోయిన పాదాల స్పర్శ సాధారణంగా తిరిగి రాదు. వరిచేలో ముల్లు దిగినా, గాజుపెంకు కోసినా తెలియదు. పుండు ఏళ్ల తరబడి మానకపోతే ఒక రకం మాంసకృత్తు మూత్రపిండాల్లో పేరుకొని వాటిని పాడు చేస్తుంది. దీనినే వైద్యులు అమైలాయిడోసిస్ అంటారు.

రెండవ కారణం రియాక్షన్. జ్వరం, ఒంటిపై నొప్పితో ఎర్రని గడ్డలు, కీళ్లనొప్పులు దీని లక్షణాలు. మందు వాడేటప్పుడే గాక, ముగిసిన తర్వాత కూడా ఇది రావచ్చును. కొందరిలో మూత్రపిండాలు కూడా వాస్తాయి. నొప్పి తాళలేక దుకాణంలో బిళ్లలు కొని రోజుల తరబడి మింగితే ముప్పు మరింత పెరుగుతుంది.

మూత్రపిండాలు చాలావరకు చెడేదాకా నొప్పి తెలియదు. మూత్రంలో నురగ, ముఖం ఉబ్బు, కాళ్ల వాపు కనబడితే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మూత్రపిండాల జబ్బు ఎన్ని కుటుంబాలను కుంగదీసిందో అందరికీ తెలిసిందే. అక్కడి కారణాలు వేరు. కాని ముదిరితే దిక్కు డయాలసిస్సే. 2024లో రాష్ట్ర ప్రభుత్వం కుష్ఠుతో వికలాంగులైన వారి పింఛనును నెలకు 6 వేల రూపాయలకు, డయాలసిస్ దశకు ముందున్న తీవ్ర మూత్రపిండ రోగుల పింఛనును 10 వేలకు పెంచింది. ఇది మంచిదే. కాని జబ్బు ముదిరాక ఇచ్చే వేలకంటె, ముందుగా చేసే మూత్ర పరీక్ష ఎంతో చవక.

ఇంటింటికీ వచ్చి మచ్చలు వెతికే సిబ్బంది, నయమైన పాత రోగుల పాదాలు కూడా చూడాలి. పుండ్లున్నవారికి, రియాక్షన్ వచ్చినవారికి మూత్రంలో ఆల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్ పరీక్షలు క్రమంగా జరపాలి. మెత్తని రబ్బరు చెప్పులు అరిగేలోగా కొత్తవి అందాలి. రోగం నయమైన మనిషివల్ల ఎవరికీ అంటదు. కావున అటువంటి వారిని ఆసుపత్రికి తీసుకెళ్లడానికి ఇరుగుపొరుగువారు వెనుకాడనక్కరలేదు.